దులిపితే తగ్గే తిమ్మిరి

మా పిన్ని కాశీబుగ్గలో జీడిపప్పు పీలింగ్ పనికి వెళ్తుంది. పిక్క కొట్టాక పప్పును అంటుకుని ఉండే ఎర్రటి పొట్టును చిన్న చాకుతో, గోళ్లతో గీకి తీయడమే పీలింగ్. విరగని గుండుకు పలికే ధర చీలిన బద్దకు పలకదు. అందుకని పప్పు విరగకుండా మెత్తగా పట్టుకోవాలి, జారకుండా గట్టిగానూ పట్టుకోవాలి. ఇరవై ఏళ్లుగా తనది అదే పని. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి వెళ్లినప్పుడు నాతో అంది: “రాత్రి రెండయ్యేసరికి సెయ్యి నాది కానట్టు ఐపోతాది నాన్నా. లేచి కూకొని దులిపితే మళ్లీ వత్తాది.”

రోగం పేరు ఆ మాటలోనే ఉంది. వినడం తెలిసినవాళ్లకు మెడ ఎక్స్‌రే అక్కర్లేదు. నాకు అప్పుడు తెలియదు. ఊళ్లో వైద్యం చేసే ఆయన నరాల బలహీనత అని బీ కాంప్లెక్స్ సూదులు పది పొడిచాడు. తగ్గలేదు. పట్నం తీసుకెళ్తే ఒక క్లినిక్‌లో మెడ ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయన్నారు, మెడకు పట్టీ కట్టారు. యాభై దాటిన దాదాపు ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఏడాదిన్నర అలా గడిచాక శ్రీకాకుళంలో ఒక డాక్టరు గారు, “ఏ వేళ్లమ్మా?” అని అడిగారు. అప్పటిదాకా ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

జబ్బు పేరు కార్పల్ టనెల్ సిండ్రోమ్. గ్రీకు భాషలో కార్పోస్ అంటే మణికట్టు. అంటే మణికట్టు సొరంగంలో వచ్చే ఇబ్బంది. పేరు తెలిశాక కూడా ఇది ఎందుకు అర్థం కాదంటే, మనకు నరం అన్న మాటతోనే చిక్కు. ముంజేతి మీద నీలంగా తేలే రక్తనాళాన్నీ నరమే అంటాం. పిక్క పట్టేస్తే నరం పట్టేసిందంటాం, అక్కడ పట్టేసింది కండరం. వేలును లాగే తాడులాంటి టెండన్‌నీ నరమే అంటాం. చివరికి మెదడు నుంచి కబురు మోసే అసలు నరానికీ అదే పేరు. అన్నీ ఒకటే అయినప్పుడు అన్నిటికీ మందూ ఒకటే అవుతుంది: బలం సూది. పిన్ని చేతిలో నరానికి బలం తక్కువై ఈ బాధ రాలేదు, అది ఉండే చోటు ఇరుకైంది. ఇరుకును సూదిమందు విప్పలేదు.

తొమ్మిది తాళ్లు, ఒక నరం

అరచేయి పైకి తిప్పి మణికట్టు చూసుకోండి. కింద ఎనిమిది చిన్న ఎముకలు దోసిలిలా వంగి ఒక కాలువ చేస్తాయి. ఆ కాలువ మీద మూతలా, గట్టి పట్టీలాంటి లిగమెంట్ ఒకటి అడ్డంగా పరుచుకుని ఉంటుంది. కింద ఎముక, పైన పట్టీ, రెండూ సాగవు. మధ్యలో ఉన్న సందులోంచి పది వెళ్లాలి. వేళ్లను ముడిచే టెండన్లు తొమ్మిది: నాలుగు వేళ్లకు రెండేసి చొప్పున ఎనిమిది, బొటనవేలికి ఒకటి. పదోది మీడియన్ అనే నరం.

పండగ ముందురోజు విశాఖ–పలాస ప్యాసింజర్ జనరల్ పెట్టె గుమ్మం తలుచుకోండి. తొమ్మిదిమంది మూటలతో నిలబడితే పదోవాడు సన్నగా, మెత్తగా ఉంటాడు. ఏ మూట కాస్త ఉబ్బినా నలిగేది వాడే. ఇక్కడా అంతే. టెండన్లు రాపిడికి ఒరిసిపోకుండా వాటి చుట్టూ సన్నని పొర ఉంటుంది. ఆ పొర దళసరి అయినా, ఒంట్లో నీరు చేరినా, లోపల గడ్డలాంటిది పెరిగినా అన్నిటికన్నా మెత్తనిది నరం కాబట్టి ఒత్తిడి దానికే.

ఈ ఒత్తిడిని కొలిచి చూశారు కూడా. 1981లో అమెరికాలో కొందరు డాక్టర్లు సన్నని గొట్టాన్ని మణికట్టు సొరంగంలోకి పంపి కొలిస్తే, మామూలు మనుషుల్లో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం (బీపీని కొలిచే లెక్కే) వచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో 32. వాళ్లే మణికట్టును ముందుకు వంచితే 94కి, వెనక్కి విరిచితే 110కి ఎగబాకింది. వెనక్కి విరిచినప్పుడే ఎక్కువన్నది గుర్తుంచుకోండి, వైద్యంలో రాత్రి కట్టుకునే పట్టీ సంగతికి వచ్చినప్పుడు పనికొస్తుంది. ఒత్తిడి ముప్పై దరిదాపులకు వచ్చిందంటే నరానికి రక్తం సరిగా అందదు. రక్తం అందని నరం ముందు చీమలు పాకినట్టు గోల చేస్తుంది, తర్వాత మొద్దుబారుతుంది, ఏళ్లు గడిస్తే దాని మీద ఆధారపడిన కండ ఎండిపోతుంది.

రాత్రే ఎందుకంటే, నిద్రలో మనం చెయ్యి ముడిచి, గడ్డం కిందో తల కిందో పెట్టుకుని పడుకుంటాం. మణికట్టు గంటల తరబడి వంగి ఉంటుంది. పగలు కాళ్లలోకి దిగిన నీరు పడుకున్నాక ఒళ్లంతా సర్దుకుంటుంది. కదలిక లేక చేతిలోని నీరు అక్కడే నిలుస్తుంది. లేచి దులిపితే సొరంగం సర్దుకుని రక్తం పారుతుంది, నరం తేరుకుంటుంది. “రాత్రి తిమ్మిరి వస్తే ఏం చేస్తారు?” అని డాక్టరు అడగడం, రోగి మాట్లాడకుండా థర్మామీటరు దులిపినట్టు చెయ్యి దులిపి చూపించడం వైద్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిన గుర్తు.

పగలు కూడా కొన్ని పనులప్పుడు పట్టుకుంటుంది. బండి హ్యాండిల్ పట్టుకుని చిలకపాలెం దాటేలోపు వేళ్లు మొద్దుబారడం, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంటే జారిపోవడం, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, పొయ్యి మీంచి దించిన గిన్నె చెయ్యి జారడం. “ఈ మధ్య నా చేతిలో ఏదీ నిలవడం లేదు” అని ఇంట్లో ఆడవాళ్లు అంటే పరాకు అనుకుని కసరకండి.

ఏ వేళ్లు అన్నదే అసలు ప్రశ్న

మీడియన్ నరం స్పర్శనిచ్చేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలులో మధ్యవేలి వైపు సగం. చిటికెనవేలు దాని పరిధిలో లేదు. ఒకే ఉంగరంవేలు ఒక పక్క మొద్దుగా, రెండో పక్క మామూలుగా ఉంటే అనుమానం చాలావరకు తీరినట్టే. మరో చిత్రం ఏమిటంటే అరచేతి చర్మం బాగానే ఉంటుంది. దానికి వెళ్లే కొమ్మ సొరంగంలోకి రాకముందే చీలి, పట్టీ పైనుంచి వెళ్లిపోతుంది.

చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కుతుంటే నొక్కుడు మోచేతి దగ్గర, వేరే నరానికి. మెడ తిప్పినప్పుడు భుజం నుంచి కిందికి మెరుపులా దిగితే మెడ. రెండు పాదాల్లో ముందు మొదలై, మేజోళ్లు తొడిగినట్టు పైకి పాకి, తర్వాత చేతులకు వస్తే చక్కెర జబ్బు వల్ల నరాలు దెబ్బతినడం. బొటనవేలి మొదట్లో నొప్పి తప్ప తిమ్మిరి లేకపోతే అది టెండన్ వాపు. ఇవి ఒకదానితో ఒకటి కలిసి కూడా ఉండొచ్చు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఆ నరాల దెబ్బా, మణికట్టు నొక్కుడూ రెండూ ఉండడం మామూలే.

రెండు విషయాలు విడిగా చెప్పాలి. చర్మం మీద రంగు తగ్గి స్పర్శ లేని మచ్చ ఉండి, దానితోపాటు చెయ్యి మొద్దుబారితే కుష్టు పరీక్ష చేయించాలి. సిగ్గుపడి దాచేకన్నా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందు వాడటం మేలు. ఇక ఒక్కసారిగా ఒకవైపు చెయ్యి, మూతి, మాట పడిపోతే తిమ్మిరి అనుకుని దులుపుతూ కూర్చోకూడదు. అది పక్షవాతం, 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గర పరీక్షలు చూడ్డానికి చిన్నవే. రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచమంటారు. తిమ్మిరి వస్తే అనుమానం బలపడుతుంది. మణికట్టు మీద బొటనవేలితో అరనిమిషం నొక్కుతారు. వేలితో తట్టి, కరెంటు కొట్టినట్టు ఉందా అని అడుగుతారు. తర్వాత నరాల పరీక్ష, అంటే చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి నరంలో అది ఎంత వేగంగా పోతుందో కొలవడం. మణికట్టు దగ్గర వేగం తగ్గితే నొక్కుడు అక్కడే ఉన్నట్టు. తొలిదశలో కొందరికి ఈ పరీక్ష మామూలుగానే రావచ్చు. కాగితం బాగుందని బాధ అబద్ధం కాదు. ఇందుకోసం ఎమ్మారై అక్కర్లేదు. ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి.

ఎవరికి, ఎందుకు

మగవాళ్లకన్నా ఆడవాళ్లలో బాగా ఎక్కువ, అదీ నలభై నుంచి అరవై మధ్యలో. కాన్పు ముందు చివరి నెలల్లో నీరు పట్టి వస్తుంది, చాలామందికి కాన్పయ్యాక పోతుంది. థైరాయిడ్ తగ్గినా, చక్కెర జబ్బు ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, బరువు పెరిగినా, మణికట్టు విరిగి వంకరగా అతుక్కున్నా వస్తుంది. అందుకే రెండు చేతులకూ వచ్చినప్పుడు చక్కెర, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించకుండా మణికట్టుకు మాత్రమే వైద్యం చేయడం అరకొర పని.

పని వల్ల వస్తుందా అన్న దాని మీద వాదన చాలాకాలంగా ఉంది. కంప్యూటర్ కీబోర్డును అందరూ తిడతారు గానీ దాని మీద ఆధారాలు అంత గట్టివి కావు. గట్టిగా పట్టుకోవడం, అదే కదలికను రోజంతా మళ్లీ మళ్లీ చేయడం, చేతికి అదురు తగలడం, ఈ మూడింటి మీద ఆధారాలు బలంగా ఉన్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మూడూ ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు. టెక్కలి నీలి గ్రానైట్ క్వారీల్లో జాక్ హ్యామర్ పట్టుకునే కుర్రాళ్లకు అదురుతో పాటు బిగింపూ ఉంటుంది. పలాస, కాశీబుగ్గల్లో పిక్క కొట్టే చేతులు, పొట్టు తీసే చేతులు. నెల్లిమర్ల జనపనార మిల్లు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికే అవ్వల వేళ్లు. ఈ పనులు చేసిన అందరికీ రాదు. పనితో పాటు చక్కెరో, థైరాయిడో, వయసో తోడైన చేతికి త్వరగా వస్తుంది. మా పిన్నికి థైరాయిడ్ ఉందని కూడా అప్పుడే బయటపడింది.

ఉద్దానంలో ఇంకో దారి

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకు ఈ వ్యాసంలో మిగతాదంతా వదిలేసినా ఈ ముక్క కావాలి.

ఒంట్లో రోజూ తయారయ్యే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రొటీన్‌ను కిడ్నీలు బయటికి పంపుతాయి. కిడ్నీలు పాడైనప్పుడు అది రక్తంలో పేరుకుంటుంది. డయాలసిస్ యంత్రం యూరియాను తీసినంత తేలిగ్గా దీన్ని తీయలేదు, దాని పరిమాణం పెద్దది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఆ ప్రొటీన్ గట్టి పోగులుగా మారి కీళ్లలో, ఎముకల చివర్లలో చేరుతుంది. అది ఇష్టపడే చోట్లలో మణికట్టు సొరంగం ఒకటి. చాలామందిలో ఈ పేరుకుపోవడానికి మొదటి గుర్తు రాత్రి చేతి తిమ్మిరే. పెద్ద రంధ్రాల ఫిల్టర్లు వచ్చాక ఇది మునుపటికన్నా తగ్గింది, కానీ పోలేదు.

డయాలసిస్ కుర్చీలో మూడో గంటకో నాలుగో గంటకో వేళ్లు మొద్దుబారి, చెయ్యి దులపాలనిపిస్తుంటే నర్సుకు చెప్పండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరతో కలిపి చేసిన దారి) ఉన్న చేతికే ఎక్కువగా ఉందా, రెండు చేతులకూ ఉందా అన్నదీ చెప్పండి. ఎందుకంటే ఫిస్టులా చేతిలో మరో సమస్య రావచ్చు: రక్తం దారి మళ్లి వేళ్లకు అందక అవి చల్లబడి, పాలిపోయి, నొప్పి పుడతాయి. దానికి వైద్యం వేరు, ఆలస్యం చేస్తే వేళ్లకే ముప్పు. చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉండి తిమ్మిరిగా ఉన్నాయా అని ముట్టుకుని చూడటం మీరైనా చేయగలరు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి విశాఖ దాకా పోనక్కర్లేదు.

రెండో సంగతి నొప్పి మాత్రలది. ఉద్దానంలో ఒళ్లునొప్పులకు పచారీ కొట్టులో కూడా మాత్ర దొరుకుతుంది. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు ఈ జబ్బులో ఉత్త పిండి మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదని పరీక్షల్లో తేలింది. అటు పని చేయదు, ఇటు కిడ్నీకి చేటు. చేతి తిమ్మిరికి నొప్పి సూది వేస్తానన్నవాడిని ఉద్దానంలో అయితే గుమ్మంలోంచే పంపేయాలని నా అభిప్రాయం.

చోటు చేయడం

వైద్యమంతా ఆ సొరంగంలో చోటు చేయడమే. మొదటి మెట్టు రాత్రిపూట మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ, స్ప్లింట్ అంటారు. మందుల షాపులో అమ్మేవాటిలో లోపల రేకు ఉంటుంది, అది చాలాసార్లు మణికట్టును వెనక్కి ఎత్తేలా వంచి ఉంటుంది. పైన చెప్పిన 110 గుర్తుందా? అందుకే ఆ రేకు బయటికి తీసి, చేత్తో తిన్నగా చేసి మళ్లీ పెట్టాలి. మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి, వేళ్లు ఆడాలి. సాగే క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టడం పట్టీ కాదు, బయటినుంచి ఇంకో నొక్కుడు. కనీసం ఆరు వారాలు, ప్రతి రాత్రి. రెండ్రోజులు పెట్టుకుని “తగ్గలేదు” అని గూటికి తగిలించేవాళ్లే ఎక్కువ, మా పిన్నితో సహా. తేలికపాటి జబ్బులో ఇది ఒక్కటే సరిపోవచ్చు.

రెండోది మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గానీ, తెలిసిన డాక్టరు సరైన చోట ఇస్తే కొన్ని వారాల్లోనే రాత్రి నిద్ర తిరిగి వస్తుంది. వాపును తగ్గించి సందు వదులు చేస్తుంది. చిక్కేమిటంటే ఆ హాయి చాలామందిలో నెలలే నిలుస్తుంది. చక్కెర జబ్బు ఉంటే ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర ఎగబాకుతుంది, ముందే చూసుకోవాలి. కాన్పు దగ్గరపడ్డవాళ్లకు, థైరాయిడ్ మందు అప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఈ కొన్ని నెలలే చాలు, అసలు కారణం ఈలోగా సర్దుకుంటుంది. ఊరికే మళ్లీ మళ్లీ పొడిపించుకోవడం మంచిది కాదు.

ఇంకా ఆగకూడదని చెప్పే గుర్తు ఒకటి ఉంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండను చూడండి. ఒకవైపు పల్లమైపోయి ఉంటే, లేదా బొటనవేలిని అరచేతికి నిటారుగా పైకి ఎత్తలేకపోతే, నరం చాలాకాలంగా నలుగుతోంది. తిమ్మిరి రాత్రిపూటే కాకుండా ఎప్పుడూ ఉండటం కూడా అలాంటిదే. ఒక్కోసారి అప్పుడు నొప్పి తగ్గుతుంది, మనం సంతోషిస్తాం. నరం అరవడం మానేసిందంటే అది బాగుపడిందనేమీ కాదు. అప్పుడు ఆపరేషనే.

ఆపరేషన్ అనగానే మా ఇంట్లో గొడవ. “నరం కోస్తారంట” అని పక్కింటావిడ చెప్పింది. కోసేది నరాన్ని కాదు, దాని మీది మూతను. అరచేతిలో మత్తుమందు ఇచ్చి, రెండు మూడు సెంటీమీటర్లు తెరిచి, ఆ గట్టి లిగమెంట్‌ను నిలువునా కోస్తారు. దాని రెండంచులూ పక్కలకు జరిగి, మధ్యలో కొత్త కణజాలం పెరిగి పట్టీ కాస్త పొడవవుతుంది, లోపల చోటు పెరుగుతుంది. సన్నని కెమెరా గొట్టంతో చేసే పద్ధతీ ఉంది, పనికి కొంచెం ముందు వెళ్లొచ్చు, చివరి ఫలితం దాదాపు ఒకటే. పావుగంట, అరగంట పని. అదే రోజు ఇంటికి. నరానికి దెబ్బ తగలడం, చీము పట్టడం, పట్టీ పూర్తిగా తెగకపోవడం లాంటివి అరుదే అయినా ఉంటాయి, కాబట్టి చేతి పని తెలిసిన సర్జన్‌ను వెతుక్కోవడం సబబు. రెండు చేతులకూ ఉంటే సాధారణంగా ఒకటి అయ్యాక ఒకటి. తిండి కలపడానికి, నీళ్లకు, ఒక చెయ్యి ఉండాలి కదా.

కోలుకోవడంలో ఒక వరస ఉంది, అది తెలియక చాలామంది ఆపరేషన్ పాడైందనుకుంటారు. రాత్రి నొప్పి ముందు పోతుంది, కొందరికి ఆ రాత్రే. కుట్లు పది పద్నాలుగు రోజులకు తీస్తారు. అరచేతి మొదట్లో రెండు పక్కలా నొక్కితే నొప్పి కొన్ని నెలలు ఉంటుంది, బిందె పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. పట్టు ముందు తగ్గి, మూడు నెలలకు తిరిగి వస్తుంది. మొద్దుబారడం అన్నిటికన్నా నెమ్మది, ఎందుకంటే దెబ్బతిన్న నరపు పోగు రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి కొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి చూసుకుంటే ఎన్ని నెలలు ఆగాలో మీకే తెలుస్తుంది. ఎండిపోయిన కండ మాత్రం పూర్తిగా తిరిగి రావడం అనుమానమే.

మా పిన్నికి కుడిచేతికి ఆపరేషనై రెండేళ్లయింది. రాత్రి లేవడం లేదు. ఎడమ చేతికి థైరాయిడ్ మందు, పట్టీతోనే సరిపోయింది. మెడ పట్టీ మాత్రం ఇంకా మేకుకు వేలాడుతోంది, పారేయనివ్వదు, డబ్బు పోసి కొన్నామంటుంది. బొటనవేలి కండ కొంచెం పల్లంగానే ఉండిపోయింది. మధ్యవేలి కొస ఇప్పటికీ మొద్దు. పప్పు విరుగుతోందని మేస్త్రీ సణిగితే చాకు పట్టు మార్చింది. ఇప్పుడు పప్పును మధ్యవేలి మీద కాకుండా ఉంగరంవేలి మీద ఆన్చుకుని తీస్తుంది, అదీ చిటికెనవేలి వైపు సగం మీద.